20 నెలల బాబు మూడు మాటలే అంటున్నాడు, ప్లే స్కూల్లో వేస్తే మాటలొస్తాయా?

కావలి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. బాబుకి 20 నెలలు. నడక, పరుగు, మంచం ఎక్కడం, దిగడం అన్నీ బాగున్నాయి. మాటలు మాత్రం అమ్మ, తాత, బువ్వ, అంతే. ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్. పొద్దున ఎనిమిదికి వెళ్తే సాయంత్రం నాలుగున్నరకు ఇల్లు చేరుతుంది. భర్తకి చెన్నైలో ఉద్యోగం, శని ఆదివారాలు వస్తాడు. పగలంతా బాబు నాయనమ్మ దగ్గరే. ఫోన్ చూపిస్తే గానీ ముద్ద దిగదు. పక్కింటి పాప అదే వయసులో ఏబీసీడీలు చెప్తోందట. అత్తగారేమో "మగపిల్లలకి మాటలు లేటే, వీళ్ళ నాన్న మూడేళ్ళకి గానీ నోరు విప్పలా" అంటోందట. రెండు నిండగానే ప్లే స్కూల్లో వేయాలా, ఫ్లాష్ కార్డులు కొన్నాను అవి చాలా, ఇంట్లో ఇంకేం చేయాలి? ఇవీ ఆమె అడిగినవి.

ముందు సూటిగా చెప్పేస్తానమ్మా. ప్లే స్కూల్ ఇప్పుడు వద్దు. ఈ నెలలోనే బాబుకి చెవి పరీక్ష చేయించండి. అదే రోజు హిమోగ్లోబిన్ కూడా చూపించండి. అన్నం దగ్గర ఫోన్ మాన్పించండి. ఇక అసలు పని ఏమిటంటే, బాబు కళ్ళు తెరిచి ఉండే సమయంలో ఎక్కువ భాగం మీ అత్తగారి దగ్గర గడుస్తోంది. కాబట్టి మీ డబ్బయినా, ఓపికైనా పెట్టాల్సింది స్కూలు మీద కాదు, ఆవిడకి కాస్త తీరిక దొరికేలా చేయడం మీద. ఎందుకో వివరంగా చెప్తాను. పెద్ద సమాధానమే అవుతుంది, తీరిగ్గా చదువుకోండి.

నేను అంగన్‌వాడీలు నడిపే ప్రభుత్వ పథకం ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. నెల్లూరు జిల్లా సముద్రం వైపు ఊళ్ళలోనూ, ప్రకాశం జిల్లాలో కనిగిరి వైపూ పనిచేశాను. డాక్టర్ని కాదు. అంగన్‌వాడీలు తనిఖీ చేస్తూ, ఇళ్ళకి వెళ్తూ, ఆరేళ్ళలోపు పిల్లల్నీ వాళ్ళని పెంచే వాళ్ళనీ దగ్గర నుంచి చూసిన అనుభవం నాది.

ఇంతకీ బాబు వెనకబడ్డాడా? కొంచెం వెనకబడినట్టే. ఏడాదిన్నర పిల్లలు మామూలుగా అమ్మ, నాన్న కాక ఇంకో మూడు మాటలైనా అనడానికి ప్రయత్నిస్తారు. రెండేళ్ళకి "అమ్మ రా", "ఇంకా బువ్వ" లాగా రెండు మాటలు కలుపుతారు. మీ బాబు అందులో మొదటి మెట్టుకి కాస్త ఇవతల ఉన్నాడు. హడలిపోవాల్సిన పరిస్థితి కాదు గానీ, "వాడే మాట్లాడతాడులే" అని వదిలేయకండి. మీ అత్తగారి మాటలో కొంత నిజముంది, మగపిల్లలు సగటున ఆడపిల్లల కంటే కాస్త ఆలస్యంగా మాట్లాడతారు. కానీ ఆ తేడా నెల, రెండు నెలల్లో ఉంటుంది, ఏళ్ళలో కాదు. వాళ్ళ నాన్న మూడేళ్ళకి మాట్లాడి ఇవాళ ఉద్యోగం చేసుకుంటున్నాడంటే సంతోషమే. అలా ఆలస్యమైనా అందుకునే పిల్లలు చాలామందే ఉంటారు. ఏ పిల్లాడు అందుకుంటాడో, ఏ పిల్లాడు అక్కడే ఆగిపోతాడో ముందుగా చెప్పడం మాత్రం ఎవరి వల్లా కాదు. పరీక్ష చేయించమంటున్నది అందుకే.

మాటలు లెక్కపెట్టేటప్పుడు ఒక చిన్న విషయం. తల్లులు చాలా మాటల్ని వదిలేస్తారు. కుక్కని చూసి "బౌ" అన్నా, ఆవుని చూసి "అంబా" అన్నా, స్నానానికి "లాల" అన్నా, అదే వస్తువుకి అదే శబ్దం ప్రతిసారీ వాడుతుంటే అవి మాటలే. ఒక కాగితం ఫ్రిజ్‌కి అంటించి, ఇంట్లో ఎవరు ఏది విన్నా రాయండి. మూడు అనుకున్నది ఏడో ఎనిమిదో తేలినా నేను ఆశ్చర్యపోను.

మాటల లెక్క కంటే నేను ముందు చూసేవి వేరే ఉన్నాయి. కావాల్సింది వేలు పెట్టి చూపిస్తాడా? అంతకంటే ముఖ్యంగా, తనకేమీ అక్కర్లేకపోయినా ఆకాశంలో విమానాన్నో, గోడ మీద బల్లినో చూపించి, మీరు చూశారా లేదా అని మీ మొహంలోకి తిరిగి చూస్తాడా? పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా? సైగ చేయకుండా "బంతి తీసుకురా" అంటే తెస్తాడా? ఉత్త గ్లాసు ఎత్తి తాగినట్టు నటిస్తాడా? ఇవన్నీ ఉంటే మాటలకి కావాల్సిన పునాది పడుతోందని అర్థం. ఇవి లేకపోతే, ముఖ్యంగా వేలు పెట్టి చూపించడం లేకపోతే, నోట్లో పది మాటలున్నా నేను డాక్టర్ దగ్గరికే పంపిస్తాను. మీ ప్రశ్నలో ఈ సంగతులేవీ రాయలేదు. ఒకసారి గమనించండి.

చెవి పరీక్ష ఎందుకు అంత గట్టిగా చెప్తున్నానంటే, మాట ఆలస్యమైన ఏ పిల్లాడికైనా మొదట తేల్చుకోవాల్సింది వినికిడే. తల్లిదండ్రులు "చెవులు బాగానే వినిపిస్తాయండీ, టీవీ పెడితే పరిగెత్తుకొస్తాడు" అంటారు. టీవీ వెలుగు కనిపిస్తుంది కదా. తలుపు ధడాలున వేస్తే నేల అదురుతుంది, దానికీ తిరుగుతాడు. పూర్తి చెవుడే ఉండక్కర్లేదు. కొందరికి బొంగురు శబ్దాలు వినిపిస్తాయి, సన్నటివి వినిపించవు. వాళ్ళకి స, ష, త, క లాంటివి అందవు. మాట సగం సగం చెవిన పడుతుంది, నోట్లోకి రాదు. తరచూ జలుబు చేసే పిల్లల్లో చెవి లోపల నీరు చేరి కొన్నాళ్ళు వినికిడి మందగించడం కూడా మామూలే.

కనిగిరి వైపు ఒక పల్లెలో తల్లిదండ్రులు బెంగళూరు బిల్డింగ్ పనులకి వెళ్ళి, పిల్లాణ్ణి అవ్వా తాతల దగ్గర వదిలారు. రెండేళ్ళు దాటినా మాట లేదు. ఊరంతా వాణ్ణి మొండోడు అనేది. పిలిస్తే పలకడు, చెప్పింది వినడు, కసిరితే ఏడుస్తాడు. అంగన్‌వాడీ టీచర్ వాడి వెనక నిలబడి పళ్ళెం మోగిస్తే తిరిగాడు, మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిస్తే తిరగలేదు. పరీక్ష చేయిస్తే రెండు చెవుల్లోనూ లోపం బయటపడింది. చెవి మిషన్లు పెట్టాక, మాటల థెరపీ సాగాక మాటలు మొదలయ్యాయి. వాడిలో మొండితనం వీసమంత కూడా లేదు, అన్నాళ్ళూ వినపడక పలకలేదంతే.

పరీక్షకి భయపడక్కర్లేదు. ఓఏఈ అనే పరీక్షలో చెవిలో చిన్న మెత్తటి గొట్టం పెడతారు, నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి ఉండదు. అందులో సందేహం వస్తే బెరా అనేది చేస్తారు, అది పిల్లాడు నిద్రపోతున్నప్పుడు చేసేది. చెవిలో వెచ్చటి నూనె పోస్తే తగ్గుతుందని ఎవరైనా అంటే ఆ పని మాత్రం చేయకండి.

ఇప్పుడు ఇంట్లో సంగతికి వద్దాం.

పిల్లలకి మాటలు చెవిన పడితే చాలదు, వాళ్ళు చేసినదానికి ఎదురు స్పందన రావాలి. వాడు చూసిన వైపు మనం చూడాలి, వాడు చేసిన శబ్దానికి మనం పలకాలి, మళ్ళీ వాడి వంతు కోసం ఆగాలి. ఫోన్‌లో రైమ్స్ రోజంతా మోగినా అది వాడి కోసం ఆగదు, వాడు "బా" అంటే మెచ్చుకోదు. రెండు, రెండున్నరేళ్ళ లోపు పిల్లలు తెర మీద చూసిన దానికంటే ఎదురుగా ఉన్న మనిషి నుంచి చాలా ఎక్కువ నేర్చుకుంటారని పరిశోధనల్లో పదే పదే తేలింది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో ఏడాది పిల్లలకి అసలు తెర వద్దంది. రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట దాటొద్దంది. ఏబీసీడీలు పాడే పిల్లాడు దాహమేస్తే నీళ్ళడగలేక ఏడవడం నేను చాలా ఇళ్ళలో చూశాను. పక్కింటి పాప అలాంటిదే అనడం లేదు, ఆ పాపతో పోలిక మాత్రం మానేయండి.

అల్లూరు దగ్గర ఒక ఇంట్లో చూసింది చెప్తాను. అరుగు మీద అవ్వ గోరుచిక్కుడుకాయలు తుంచుతోంది. ఏడాదిన్నర మనవరాలు పక్కన కూర్చుని ఉంది. పాప చూపు కాయల మీద పడింది. అవ్వ ఒక కాయ ఎత్తి "ఇదో, కాయ" అని ఊరుకుంది. పాప చెయ్యి చాపింది. "కాయ కావాలా? ఇదిగో కాయ. గిన్నెలో వెయ్యి." పాప వేసింది, స్టీలు గిన్నె మోగింది. "టంగ్! పడింది!" అని అవ్వ మళ్ళీ ఊరుకుంది. పాప ఆవిడ మొహంలోకి చూసి, పెదాలు బిగించి, "తం" అంది. "టంగే! ఇంకోటి వేద్దామా?" కూర తరగడం అయ్యేసరికి ఆ పాప "కా" అని అడిగి తీసుకుంటోంది. అవ్వకి చదువు రాదు. తనేదో పాఠం చెప్పానని ఆవిడ అనుకోనూ లేదు.

అదే వీధిలో ఇంకో ఇంట్లో చదువుకున్న తల్లి కార్డులు పట్టుకుని "ఇదేంటి? చెప్పు. యాపిల్. యాపిల్ అను. ఇదేంటి?" అని వరసగా అడుగుతోంది. పిల్లాడు మొహం తిప్పేసుకున్నాడు. మాట రాని వాణ్ణి కూర్చోబెట్టి పరీక్ష పెడితే ఎవరు మాత్రం మొహం తిప్పుకోరు? మీరు టీచర్ కాబట్టి ఈ అలవాటు మీకు తెలియకుండానే వచ్చేస్తుంది, కాస్త చూసుకోండి. కార్డులు పారేయక్కర్లేదు. వాడే తెచ్చి ఒళ్ళో పడేస్తే బొమ్మ చూసి మాట్లాడండి.

రోజూ చేయగలిగినవి కొన్ని చెప్తాను. వాడు దేన్ని చూస్తుంటే దాని పేరు చెప్పండి, మీకు నచ్చింది కాదు. ఒక మాట అన్నాక మనసులో ఐదు లెక్కపెట్టుకుని ఆగండి. పెద్దవాళ్ళకి ఇదే అన్నిటికంటే కష్టం. వాడు "బువ్వ" అంటే "వేడి బువ్వ" అనో "బువ్వ తిందాం" అనో ఇంకో మాట చేర్చి తిరిగి ఇవ్వండి, తప్పు దిద్దకండి. "అరటిపండు కావాలా, ఇడ్లీ కావాలా?" అని రెండూ చూపించి అడగండి. ఇష్టమైన బంతి కనబడేలా, అందకుండా పైన పెట్టండి, అడగాల్సిన అవసరం వస్తుంది. "చెప్తేనే ఇస్తా" అని మాత్రం బిగించుకుని కూర్చోకండి. వాడు చూపించినా, ఆ అన్నా, మీరు పేరు చెప్పి ఇచ్చేయండి. పంతానికి పోతే వాడు మాట్లాడడం మానేసి అరవడం నేర్చుకుంటాడు.

దోబూచులు, ఉప్పుమూట, చెమ్మచెక్క లాంటి ఆటలున్నాయే, వాటిని మించిన కిట్టు బజార్లో దొరకదు. వాటన్నిట్లో ఒకరి వంతు తర్వాత ఇంకొకరి వంతు వస్తుంది, ఆగడం ఉంటుంది, మొహంలోకి చూడడం ఉంటుంది. బొమ్మలకి డబ్బు పోయక్కర్లేదు. మూత ఉన్న డబ్బా, గరిటెలు, ఖాళీ సీసా, పాత చీర ముక్క చాలు.

ఇంట్లో వస్తువులతో ఆడిస్తే ఏమవుతుంది అనే వాళ్ళకి జమైకా సంగతి చెప్తుంటాను. 1986-87లో కింగ్‌స్టన్ పేదవాడల్లో ఎదుగుదల తగ్గిన 129 మంది పిల్లల్ని తీసుకున్నారు, 9 నుంచి 24 నెలల వయసు వాళ్ళు. కొందరి ఇళ్ళకి ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి, గంటసేపు, రెండేళ్ళ పాటు వెళ్ళారు. ఇంట్లో దొరికే వాటితో చేసిన బొమ్మలతో పిల్లాడితో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించారు. అంతే. 20 ఏళ్ళ తర్వాత చూస్తే, ఆ ఇళ్ళ పిల్లల సంపాదన మిగతా వాళ్ళకంటే 25 శాతం ఎక్కువుంది. ఈ లెక్క 2014లో బయటికొచ్చింది. అక్కడ కార్యకర్త నేర్పింది పిల్లాడికి కాదు, పిల్లాణ్ణి పెంచే మనిషికి. మన దేశంలో కూడా 2024లో నవచేతన పేరుతో పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ దాకా నెలవారీగా ఏ ఆటలు ఆడించాలో పట్టిక తెచ్చారు. మీ అంగన్‌వాడీ టీచర్ని అడగండి, ఇంటికొచ్చి చూపించడం కూడా ఆవిడ పనిలో భాగమే.

ఇక మీ అత్తగారి సంగతి. అరవై దగ్గర పడిన మనిషి అనుకుంటాను. పొద్దున మిమ్మల్ని పంపించి, అంట్లు, బట్టలు, వంట చూసుకుంటూ 20 నెలల పిల్లాడి వెంట పరిగెత్తాలి. ఆ ఫోన్ ఆవిడకి అరగంట వంట టైమిస్తోంది. మీరు వెళ్ళి ఫోన్ లాగేసుకుంటే ఆ అరగంట ఎవరిస్తారు? ఇది ఆలోచించకుండా సలహాలిచ్చే వాళ్ళమీద నాకు చికాకు. ఆవిడతో తగువు పెట్టుకుంటే పగలు ఫోన్ దొంగచాటుగా నడుస్తుంది, మీకు తెలియదు కూడా.

ప్లే స్కూల్ ఫీజుకని అనుకున్న డబ్బుతో అంట్లకీ బట్టలకీ ఒక మనిషిని పెట్టండి. మధ్యాహ్నం కూర పొద్దునే మీరు చేసి వెళ్ళండి, లేదా ఆదివారం మీ ఆయన కూరగాయలు తరిగి డబ్బాల్లో పెట్టాలి, ఇడ్లీ పిండి రుబ్బి ఉంచాలి. వంటింట్లో పొయ్యికి దూరంగా ఒక అర వాడిదిగా వదిలేసి, స్టీలు గిన్నెలు, గరిటెలు పెట్టండి. ఆవిడ వంట చేస్తుంటే వాడు అక్కడ మోగిస్తూ కూర్చుంటాడు. ఆవిడ మాట్లాడడానికి వేరే టైమే కేటాయించక్కర్లేదు, చేసే పనే చెప్తూ చేస్తే చాలు.

చెప్పే తీరు కూడా ముఖ్యం. "మీరు ఫోనిచ్చి పాడుచేశారు" అనకండి. "అత్తమ్మా, వాడు నా మాట కంటే మీ మాటే వింటాడు, ఇవాళ ఏ కొత్త మాటన్నాడో రాసిపెట్టండి" అని అడిగి చూడండి. ఆవిడ రాయలేకపోతే మీరు సాయంత్రం అడిగి రాసుకోండి. లెక్క తన చేతిలో ఉందంటే పెద్దవాళ్ళకి పట్టుదల వస్తుంది.

అన్నం దగ్గర ఫోన్ ఎలా మాన్పించాలి? మీకు నాలుగు రోజులు వరసగా సెలవు దొరికినప్పుడు మొదలుపెట్టండి. అప్పుడు మొదటి ఏడుపులన్నీ మీరే పడతారు, ఆవిడ మీద పడవు. అన్నానికి రెండు గంటల ముందు నుంచి పాలు, బిస్కెట్లు ఆపండి. అందరితోపాటు వాడికీ ఒక పళ్ళెం పెట్టి కూర్చోబెట్టండి. పారబోసుకోనివ్వండి. అరగంటలో తిన్నంత తింటాడు, లేకపోతే పళ్ళెం తీసేయండి, కోప్పడకుండా. మొదటి రోజుల్లో తక్కువే తింటాడు. బరువు సరిగ్గా ఉన్న పిల్లాడికి దానివల్ల ఏమీ కాదు. మీ తల్లీబిడ్డల కార్డులో బరువు గీత కిందికి జారి ఉంటే మాత్రం ఇది మొదలుపెట్టే ముందు డాక్టర్ని అడగండి. తనంతట తానే తింటున్నాడు కదా అని వేరుశనగ గింజలు, ఉడికించిన శనగలు, కొబ్బరి ముక్కలు, ద్రాక్షపళ్ళు అలాగే ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. పొడి చేసో, చిదిమో పెట్టండి.

హిమోగ్లోబిన్ ఎందుకన్నానంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ తగ్గిన పిల్లాడు చూడ్డానికి బొద్దుగానే ఉండొచ్చు, కానీ చురుకు ఉండదు, దేనిమీదా ధ్యాస నిలవదు, ఊరికే చిరాకు పడతాడు. వాడితో ఎంత మాట్లాడినా సగం వృథా. మన ఇళ్ళలో రెండు అలవాట్లు దీనికి కారణం. ఒకటి, అన్నం తినట్లేదని రోజుకి లీటరు పాలు పట్టడం. అర లీటరు దాటకూడదు, పాలు నిండిన పొట్టలో అన్నానికి చోటుండదు, పాలల్లో ఐరన్ దాదాపు ఉండదు. రెండోది, టీలో ముంచిన బిస్కెట్టు. టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. గుడ్డు, పప్పు, ఆకుకూర, తినే ఇల్లయితే కాలేయం, ముల్లు తీసిన చేప పెట్టండి, మీద నిమ్మరసం పిండండి. చేపల పులుసులో ముక్కని కాస్త కడిగి అన్నంలో కలిపితే కారం ఉండదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా పిల్లలకి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఐరన్ సిరప్ ప్రభుత్వమే ఇస్తుంది, ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో అడగండి. పరీక్షలో రక్తం బాగా తక్కువని తేలితే ఆ మోతాదు చాలదు, డాక్టర్ రాసిందే వాడాలి.

మాటలు రావడానికి చుట్టుపక్కల వాళ్ళు చెప్పేవి కూడా వస్తాయి మీ దాకా. వస నాకించమంటారు. వసపిట్టలా మాట్లాడతాడని ఆశ. వస వల్ల మాటలొస్తాయనడానికి ఆధారం లేదు, వాంతులైన పసిపిల్లల్ని మాత్రం చూశాను. నాలుక కింద నరం కోయించమంటారు. అది బిగుతుగా ఉంటే కొన్ని అక్షరాలు స్పష్టంగా పలకకపోవచ్చు గానీ, మాటే రాకపోవడానికి అది కారణం కాదు.

ఏ భాషలో మాట్లాడాలి? మీరు టీచర్ కాబట్టి అడక్కుండానే చెప్తున్నా. మీకు కోపమొచ్చినా, ముద్దొచ్చినా ఏ భాష నోట్లోంచి వస్తుందో ఆ భాషలో మాట్లాడండి. స్కూల్లో పనికొస్తుందని "కమ్, సిట్, ఈట్" అని ముక్కలు ముక్కలుగా మాట్లాడితే పిల్లాడికి వినబడేది ఆజ్ఞలే, కబుర్లు కాదు. రెండు భాషలు వింటే మాట ఆలస్యమవుతుందన్న భయం కూడా వద్దు. సూళ్ళూరుపేట, తడ వైపు ఇళ్ళలో తల్లి తెలుగు, అవ్వ తమిళం మాట్లాడుతుంటే పిల్లలు రెండూ పట్టేస్తారు. లెక్కపెట్టేటప్పుడు రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టాలి, అంతే.

చెన్నైలో ఉన్న నాన్న కూడా ఇందులో ఉన్నాడు. అయినవాళ్ళతో వీడియో కాల్ మిగతా తెరల్లాంటిది కాదు, ఎందుకంటే అవతల మనిషి పలుకుతాడు. కాకపోతే "నాన్నకి హాయ్ చెప్పు, ముద్దు పెట్టు" అని గదమాయించే కాల్ వల్ల లాభం లేదు. మీ ఆయన చేతిలో ఒక వస్తువు పట్టుకుని, అదే వస్తువు ఇక్కడ బాబు చేతిలో ఉంచి ఆడమనండి. ఇక్కడ గ్లాసు, అక్కడ గ్లాసు. నాన్న తాగాడు, నువ్వు తాగు. ఐదు నిమిషాలు చాలు.

ప్లే స్కూల్ వద్దనడానికి కారణం ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఒక గదిలో ఇరవై మంది పిల్లలు, ఒక మిస్సు, ఒక ఆయా ఉంటే, మాట రాని మీ బాబుకి రోజుమొత్తంలో ఎన్నిసార్లు ఎదురు పలుకు దొరుకుతుంది? పిల్లలు పిల్లల్ని చూసి నేర్చుకుంటారనేది మూడేళ్ళు దాటాక బాగా నిజం, రెండేళ్ళకి అంతగా కాదు. బాలల హక్కుల జాతీయ కమిషన్ మార్గదర్శకాలు కూడా మూడేళ్ళు నిండని పిల్లల్ని ప్లే స్కూల్లో చేర్చుకోవద్దనే అంటాయి. ఇంట్లో చూసే మనిషే లేకపోతే, లేదా మీ అత్తగారికి ఆరోగ్యం బాగోకపోతే, అప్పుడు మంచి చోటు వెతుక్కోవాల్సిందే, అందులో తప్పు లేదు. అలా వెతికేటప్పుడు గోడల మీద బొమ్మలు చూడకండి. ఏడుస్తున్న పిల్లాడి దగ్గరికి ఎవరు వస్తున్నారో, కిందకి కూర్చుని మాట్లాడుతున్నారో, పైనుంచి అరుస్తున్నారో ఒక పూట నిలబడి చూడండి. టీవీ నడుస్తుంటే వెనక్కి వచ్చేయండి. మూడేళ్ళు నిండాక అంగన్‌వాడీ అయినా, ప్రైవేటు అయినా మీ ఇష్టం. ఏదైనా గానీ చేతికి పెన్సిల్ ఇచ్చి అక్షరాలు దిద్దించే తొందర ఉన్న చోటు వద్దు.

ఇంటర్నెట్‌లో ఇంకో మాట చూసి టెన్షన్ పడతారు కాబట్టి అదీ చెప్తా. ఫోన్ ఎక్కువ చూస్తే ఆటిజం వస్తుందంటారు, అది నిజం కాదు. ఫోన్ వల్ల మాటలాడే సమయం తగ్గి మాట ఆలస్యమవడం వేరు, ఆటిజం వేరు. బయటికి రెండూ ఒకేలా కనిపించొచ్చు. కాబట్టి "ముందు ఆరు నెలలు ఫోన్ మానేసి చూద్దాం, తగ్గకపోతే అప్పుడు డాక్టర్" అనుకోకండి. రెండూ ఒకేసారి మొదలుపెట్టండి. ఒకవేళ థెరపీ అవసరమని తేలితే, ఆ ఆరు నెలలూ వాడికి కలిసొస్తాయి.

ఆలస్యం చేయకూడని గుర్తులు ఇవి: వచ్చిన మాటలు పోవడం, ఏ వయసులోనైనా. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం. వేలు పెట్టి చూపించకపోవడం, కళ్ళలోకి చూడకపోవడం. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలపకపోవడం. వీటిలో ఏ ఒక్కటున్నా పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ప్రభుత్వం వైపు నుంచి ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకి వచ్చి పిల్లల్ని చూస్తాయి. అవసరమైతే జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీ కేంద్రానికి రాసిస్తారు. అక్కడ వినికిడి, మాట, ఎదుగుదల అన్నీ ఒకచోటే చూస్తారు, డబ్బు కట్టక్కర్లేదు. మీ పేరు అంగన్‌వాడీ రిజిస్టర్‌లో లేకపోతే ఇప్పుడే రాయించుకోండి. ఉద్యోగస్తుల పిల్లలకి అది కాదేమో అనుకుని చాలామంది అటు వెళ్ళనే వెళ్ళరు.

డాక్టర్ దగ్గర పిల్లలు బిగుసుకుపోతారు, ఇంట్లో చేసేవి అక్కడ చేయరు. అందుకని వెళ్ళే ముందు ఇంట్లో రెండు మూడు చిన్న వీడియోలు తీయండి. ఒకటి వాడు ఆడుకుంటుండగా వెనక నుంచి పేరు పెట్టి పిలిచింది. ఒకటి వాడికేదో కావాలని అడుగుతున్నది. ఒకటి అన్నం తినేటప్పటిది. ఫ్రిజ్ మీది మాటల కాగితం, తల్లీబిడ్డల కార్డు కూడా పెట్టుకోండి. వీలైతే మీ అత్తగారిని వెంట తీసుకెళ్ళండి. పగలు వాడెలా ఉంటాడని డాక్టర్ అడిగితే చెప్పగలిగింది ఆవిడే. ఫోన్ సంగతి కూడా మీ నోట కాకుండా డాక్టర్ నోట వింటే ఆవిడకి బాధనిపించదు.